ఇసుక కొరికిన పైపు

పాత వస్తువుల మరమ్మతు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో పాత తాళాల గురించి రాస్తూ, నా బల్ల మీద ఒక పొగపైపు కూడా బాగుకోసం ఎదురుచూస్తోందని మాటవరసకి అన్నాను. తాళాల గురించి పెద్దగా ఎవరూ అడగలేదు. పైపు గురించి మాత్రం ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అందులోనూ ఎక్కువమంది అడిగింది పైన గరుగ్గా, గుంటలు గుంటలుగా ఉండే చెక్క పైపుల గురించే. ఓడల్లో ఇంజనీరుగా తిరిగిన రోజుల్లో నేను కొన్నవీ అవే. డాక్టరు చెప్పాక పొగ మానేశాను, పైపుల్ని మాత్రం మానలేకపోయాను. కడుగుతాను, బాగుచేస్తాను, చేతిలో తిప్పుకుంటూ కూర్చుంటాను. తాగనివాడికి ఇన్ని పైపులెందుకని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. ఈసారి శీర్షిక మొత్తం పైపులకే ఇచ్చేస్తున్నాను.

ముందుగా పేర్లు. పొగాకు పెట్టేది గిన్నె. దానికి అతుక్కుని ఉండే చెక్క భాగం కాడ. కాడలో దూర్చి నోట్లో పెట్టుకునేది మూతి గొట్టం.

ప్రశ్న: మా నాన్నగారి ట్రంకు పెట్టెలో ఒక పైపు దొరికింది. గిన్నె చుట్టూ చెక్క గుంటలు పడి, చెద తిన్నట్టుగా ఉంది. పైకి నలుపు, గుంటల పక్కన ఎరుపు. మూతి గొట్టం మీద చిన్న తెల్ల చుక్క. కాడ అడుగున ఇంగ్లిష్‌లో ‘షెల్ బ్రయర్’, ‘మేడిన్ ఇంగ్లండ్’, దాన్ని ఆనుకుని 12 అని అచ్చు ఉన్నాయి. పుచ్చిపోయింది, పారేయమని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?
– రిటైర్డ్ లెక్చరర్, తెనాలి

మాస్టారూ, దాన్ని ముందు మీ అబ్బాయికి అందని చోట పెట్టండి.

అది పుచ్చు కాదు, కావాలని చేసిన పని. పుచ్చిన చెక్కని నొక్కితే గోరు దిగబడుతుంది, పొడి రాలుతుంది. మీ పైపుని నొక్కితే గోరే నొప్పెడుతుంది. ఇప్పుడు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకోండి. గుంటలు ఇష్టమొచ్చినట్టు లేవు, చూశారా? గిన్నె చుట్టూ సన్నటి గట్లు ఒకదాని కింద ఒకటి తిరిగి ఉంటాయి, అల వెనక్కి పోయాక తడి ఇసుకలో మిగిలే గీతల్లాగా. ఆ చెక్క పెరిగిన వలయాలే అవి. ప్రతి వలయంలో గట్టి పొర ఒకటి, మెత్త పొర ఒకటి ఉంటాయి. గాలి ఒత్తిడితో ఇసుకని దాని మీదికి కొడితే మెత్తది అరిగిపోతుంది, గట్టిది నిలబడుతుంది. శాండ్ బ్లాస్టింగ్ అంటే ఇంతే. ఓడల్లో ఇనుము మీది తుప్పు వదిలించడానికి మేం చేయించే పనే, కాకపోతే ఇక్కడ చెక్క మీద, చాలా ఓపిగ్గా చేశారు.

పైపుల్లోకి దీన్ని తెచ్చింది లండన్‌లోని ఆల్ఫ్రెడ్ డన్‌హిల్. 1907లో డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచాడాయన. ఈ పద్ధతికి 1917లో పేటెంట్ దరఖాస్తు పెడితే మరుసటి ఏడాది మంజూరైంది. చలికాలంలో సగం చేసిన పైపుని నేలమాళిగలో బాయిలర్ పక్కన మర్చిపోయాడనీ, నెలలు గడిచాక చూస్తే మెత్త భాగం ఎండి లోపలికి పోయి వలయాలు పైకి తేలాయనీ, అక్కడే ఈ ఆలోచన పుట్టిందనీ ఒక కథ చెబుతారు. కథ బాగానే ఉంది. దుకాణాల వాళ్లు చెప్పే కథలన్నీ బాగానే ఉంటాయి. ఇలా ఇసుక కొట్టిన పైపులకి ఆయన కంపెనీ పెట్టిన పేరే మీ పైపు మీదున్న ‘షెల్ బ్రయర్’. బ్రయర్ అంటే పైపులు చేసే చెక్క. మొదట్లో ఈ షెల్ పైపులకి అల్జీరియా నుంచి వచ్చే కాస్త మెత్తరకం చెక్క వాడేవారు, అందుకే ఆ కాలం పైపుల్లో లోయలు మరీ లోతు.

మీది అంత పాతది కాదు. ‘ఇంగ్లండ్’ చివరి అక్షరాన్ని ఆనుకుని ఉన్న అంకె తయారైన ఏడాదిని చెబుతుంది. 1960కి 12 కలపండి, 1972. ఇక తెల్ల చుక్క సంగతి. మూతి గొట్టాలు చేత్తో తయారుచేసి ఏ పైపుకి ఆ పైపుకి విడిగా అమర్చేవారు. శుభ్రం చేయడానికి తీసినవాడు మళ్లీ పెట్టేటప్పుడు ఏ వైపు పైకి రావాలో తెలియాలి కదా, అందుకు పెట్టిన గుర్తు అది. పోనుపోను అదే కంపెనీ ముద్ర అయి కూర్చుంది. అయితే చుక్క ఒక్కటే చూసి మురిసిపోకండి, చుక్క పెట్టడం ఎవరికైనా వచ్చు. కాడ అడుగున వృత్తంలో 1 నుంచి 6 లోపు సైజు అంకె, దాని పక్కన ఎస్ అక్షరం ఉన్నాయేమో భూతద్దం పెట్టి చూడండి. అన్నీ కలిస్తే అప్పుడు అబ్బాయిని పిలవండి.

ప్రశ్న: శాండ్ బ్లాస్ట్ వేరు, చేత్తో గరుకు చేయడం వేరు అంటారు. ఫొటోల్లో నాకు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఇంకో మాట కూడా విన్నాను సార్. చెక్కలో లోపాలుంటే కప్పిపుచ్చడానికే గరుకు చేస్తారట. మరి అందులో కళేముంది?
– శిల్పం చదువుతున్న విద్యార్థిని, హైదరాబాద్

అమ్మా, రెండో మాటకి ముందు జవాబు చెబుతాను. నువ్వు విన్నది చాలావరకు నిజమే. కాకపోతే ఆ లోపం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ‘కప్పిపుచ్చడం’ అన్న మాట నువ్వే వెనక్కి తీసుకుంటావు.

బ్రయర్ అనేది మధ్యధరా సముద్రం చుట్టూ రాతి గుట్టల మీద పెరిగే పొద. శాస్త్రీయ నామం ఎరికా అర్బోరియా. కాండానికీ వేళ్లకీ మధ్య, నేలలో, దీనికొక బుడిపె కడుతుంది. కార్చిచ్చు వచ్చి పైనంతా కాలిపోయినా ఆ బుడిపె నుంచే పొద మళ్లీ చిగురిస్తుంది. పైపుకి పనికొచ్చేది అదొక్కటే. దట్టంగా, గట్టిగా ఉంటుంది, వేడికి ఓర్చుకుంటుంది. పైపుకి చాలినంత పెరగడానికి దానికి దశాబ్దాలు పడుతుంది. అన్నేళ్లు రాళ్ల మధ్య ఒదిగి పెరిగినదాని కడుపులో ఇసుక రేణువులు, సన్నటి పగుళ్లు, గుంతలు లేకుండా ఎలా ఉంటాయి?

ఒకసారి ఇటలీలో లివోర్నో రేవులో మా ఓడ మరమ్మతుకి ఆగినప్పుడు, అక్కడి ఫిట్టరు ఒకాయన తన ఊరి వైపు బ్రయర్ కోసే మిల్లు చూపించాడు. షెడ్డు బయట బుడిపెలు కుప్పపోసి తడి గోనెలు కప్పారు. ఎండ తగిలితే పగిలిపోతాయి. లోపల ఒక ముసలాయన గుండ్రటి రంపం ముందు కూర్చుని, బుడిపెని ఉత్త చేతులతో తిప్పుతూ కోస్తున్నాడు. గార్డు లేదు, గైడు లేదు, కొలబద్ద అసలే లేదు. సేఫ్టీ డ్రిల్లుల మధ్య బతికిన నాకు చూస్తుంటేనే టెన్షన్. ఒక కోత వేస్తాడు. కోసిన ముఖాన్ని బొటనవేలితో తుడిచి, పగులు ఎటు పారుతోందో చూస్తాడు. అప్పుడు బుడిపెని పావు వంతు తిప్పి రెండో కోత వేస్తాడు. పనికిరానిది వెనక్కి విసిరేస్తాడు. ఆ వెనక కుప్పే పెద్దది. మిగిలిన దిమ్మల్ని రాగి కాగుల్లో గంటల తరబడి ఉడకబెడతారు. నీళ్లు ఎర్రగోధుమ రంగులోకి దిగి, షెడ్డంతా వగరు వాసన. ఆ వగరు చెక్కలో మిగిలితే తాగేవాడి నోట్లో చేదవుతుంది. ఆ తర్వాత నీడపట్టున నెలల తరబడి ఆరబెడతారు, కొందరు ఏళ్ల తరబడి కూడా.

ఇంత తతంగం అయ్యాక, లేత్ మీద గిన్నె నున్నగా తిరుగుతున్నప్పుడు లోపలి నుంచి ఆవగింజంత గుంట బయటపడుతుంది. అప్పుడు చేసేవాడు దిమ్మని పారేయాలి, లేదా గుంటలో రంగు కలిపిన లప్పం కూరి పాలిష్ పెట్టాలి, లేదా పైపొరని గరుకు చేయాలి. లప్పం పెట్టింది కొత్తలో కనపడదు. వాడగా వాడగా రంగు తేడా వచ్చి గులాబీ మచ్చ బయటపడుతుంది. మోసం అంటే నేను దాన్ని అంటాను. గరుకు చేసినవాడు లోపాన్ని పూడ్చలేదు, దాని చుట్టూ ఉన్న చెక్కతో సహా తీసేశాడు. నున్నటి పైపుకి ధర ఎక్కువ పలికేది ఇందుకే. మచ్చ లేని దిమ్మ దొరకడం అరుదు.

ఇక తేడా. శాండ్ బ్లాస్ట్‌లో గీత చెక్కది. ఎంత లోతు కొట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది పనివాడి చేతిలో ఉంటుంది గానీ గట్టు ఎటు తిరగాలో అతను చెప్పలేడు. అందుకే మంచి పనివాడు దిమ్మని ఎటు నిలబెట్టి గిన్నె తీయాలో ముందే చూసుకుంటాడు. నార నిలువుగా పైకి లేచేలా కోస్తే వలయాలు గిన్నె చుట్టూ అడ్డంగా వస్తాయి. అడ్డదిడ్డంగా కోస్తే గుంటలూ గడ్డలూ తప్ప వరస ఉండదు.

చేత్తో చేసేదాన్ని రస్టికేషన్ అంటారు. ఇక్కడ గీత మనిషిది. మేకుల మొనలని కట్టగా బిగించిన పనిముట్టుతో చెక్కని గుచ్చి మెలితిప్పుతారు, కొందరు సన్నటి ఉలి వాడతారు, కొందరు మోటారుకి తగిలించి తిప్పే చిన్న కోత బిట్ (బర్). వైర్ బ్రష్‌తో రుద్ది వదులు పేళ్లు రాల్చేస్తారు. ముందు నలుపు రంగు మొత్తం పట్టించి, ఎత్తుగా ఉన్న చోట్లు మాత్రం సన్నటి శాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, మీద ఎరుపో గోధుమో వేస్తారు. లోయల్లో నలుపు నిలిచి, గట్ల మీద ఎరుపు మెరుస్తుంది. ఉన్న లోతు కంటే ఎక్కువ లోతు కనిపిస్తుంది. ఇటలీలోని కాంతూలో కార్లో స్కోట్టి 1947లో మొదలుపెట్టిన కాస్టెల్లో వాళ్ల ‘సీ రాక్’ ఈ పనికి పెట్టింది పేరు. ఐర్లండ్ పీటర్సన్ వాళ్ల ‘డోనెగల్ రాకీ’ కూడా ఈ కోవలోదే.

ఫొటోలో గుర్తుపట్టాలంటే ఒక గట్టుని కంటితో పట్టుకుని వెంట వెళ్లు. అది తెగకుండా గిన్నె చుట్టూ తిరిగి అవతలి వైపుకి పోతే బ్లాస్ట్. గుంటలన్నీ ఇంచుమించు ఒకే సైజులో, ఒకే ఎడంలో ఉంటే రస్టికేషన్. నా ఓటు బ్లాస్ట్‌కే. అయితే చవక రస్టికేషన్ చూసి ఆ పనినే తీసిపారేయకు. మంచి సీ రాక్ పైపు చేతిలోకి తీసుకుంటే ఒక గుంట పక్క గుంటలాగా ఉండదు, అయినా మొత్తం మీద ఒకే తీరు కనిపిస్తుంది. యంత్రానికి ఆ పని చేతకాదు.

కళేముందో నేను చెప్పడం ఎందుకు, నువ్వే చేసి చూడు. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క ముక్క తీసుకుని, వైర్ బ్రష్‌తో నార వెంట గట్టిగా రుద్దు. మెత్తది లేచిపోయి గీతలు నిలబడతాయి. ఇంకో ముక్క నున్నగా చిత్రిక పట్టి, దాని మీద అలాంటి గీతలే ఉలితో తెప్పించు. రెండూ ఎలా వచ్చాయో నాకు రాయి.

ప్రశ్న: గరుకు పైపు తక్కువ వేడెక్కుతుందట, నిజమేనా?
– విజయవాడ

అమ్మేవాళ్లు ఆనాటి నుంచీ చెబుతున్న మాటే. పైపొర పోయింది కాబట్టి కాస్త తేలిక అవుతుంది, అది నిజం. వేడి సంగతికొస్తే, మీ వేళ్లు తగిలేది గట్ల కొసలకి మాత్రమే కాబట్టి చేతికి వేడి తక్కువ తెలుస్తుంది. లోపల పొగాకు మాత్రం ఎప్పటిలాగే కాలుతుంది. పట్టు జారదు, గీతలు పడ్డా కనపడవు. వర్క్‌షాపులో తిరిగేవాడికి అది చాలు. నేను గరుకువే కొన్నది అందుకే, కళాపోషణ తర్వాత వచ్చింది.

ప్రశ్న: మాది ఏటికొప్పాక. లక్క బొమ్మల పని. అంకుడు కర్రతో గరుకు పైపులు చేస్తే విదేశాల్లో పోతాయని మా తమ్ముడి ఆలోచన. ఒక వ్యాపారి జిట్రేగితో చేయమంటున్నాడు. ఇసుక కొట్టే మిషను అద్దెకి దొరుకుతుంది. దిగమంటారా?
– అనకాపల్లి జిల్లా నుంచి ఒక కళాకారుడు

అంకుడుతో వద్దు బాబూ. ఆ కర్రకున్న మంచి గుణమే ఇక్కడ అడ్డం. మెత్తన, లోపలంతా ఒకే తీరు, అందుకే మీ బొమ్మ అంత నున్నగా వస్తుంది. వలయాల్లో గట్టి మెత్త తేడా లేని కర్ర మీద ఇసుక కొడితే గట్లు తేలవు, పీచు లేస్తుంది. పైగా నిప్పు పెట్టే గిన్నె అది. లేత్ మీద రాపిడి వేడికే కరిగి పట్టే లక్క, మండే పొగాకు పక్కన నిలుస్తుందా?

జిట్రేగి గట్టిదే. కానీ ఆ జాతి చెక్కల పొడి చాలామందికి దద్దుర్లు, ఆయాసం తెస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ చెక్కని వేడిచేసి నోటి దగ్గర పెట్టుకునే పని నాకు నచ్చదు. టూరిస్టు దుకాణాల్లో అలాంటి పైపులు అమ్ముతున్నారు, షోకేసుకి బాగుంటాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మిషను అద్దెకి తెచ్చినా మామూలు ఇసుక మాత్రం వాడొద్దు. అందులోని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. ఇప్పుడు పైపులు చేసేవాళ్లు ఎక్కువగా గాజు పూసలు వాడతారు, అదీ మూసి ఉన్న పెట్టెలో, చేతులు తొడుగుల్లో పెట్టి.

అలాగని నిరుత్సాహపడకండి. ఫ్రాన్స్‌లో జురా కొండల్లోని సెయింట్ క్లాడ్ మీలాంటి లేత్ పనివాళ్ల ఊరే. జపమాల పూసలు, నస్యం డబ్బాలు చేసుకుంటూ ఉండేవారు. 1850ల్లో బ్రయర్ చెక్క చేతికందాక ఆ ఊరు పైపులకి ప్రపంచ రాజధాని అయింది. చేతిలో పని ఉంది, చెక్క మారింది, అంతే. బ్రయర్ దిమ్మలు ఇటలీ నుంచి రంధ్రాలు వేసినవి కూడా దొరుకుతాయి. ముందు నాలుగైదు తెప్పించుకుని చూడండి. లేదంటే పైపులు నిలబెట్టే స్టాండ్లు, పొగాకు నొక్కే కడ్డీలు అంకుడుతోనే చేయండి. నిప్పు తగలదు, మీ రంగులు ఎక్కడికీ పోవు. నేనే ఒక స్టాండ్ కొంటాను, పసుపూ ఎరుపూ కలిపి చేస్తే.

ప్రశ్న: మా మామయ్యగారి పైపు అద్దాల బీరువాలో పెడదామని తీశాను. బీరువా తెరిస్తే చాలు, ఘాటు వాసన. మూతి గొట్టం ఆకుపచ్చగా మారిపోయింది. గుంటల్లో మట్టి పేరుకుంది. శాండ్ పేపర్‌తో రుద్దితే పోతుందా?
– గృహిణి, రాజమండ్రి

అమ్మా, శాండ్ పేపర్ గిన్నె దగ్గరికి రానివ్వకండి. రుద్దితే గట్ల కొసలు పోతాయి, అక్కడ రంగూ పోతుంది, మళ్లీ తెప్పించలేం.

ముందు మూతి గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ లాగండి. రాకపోతే బలవంతం వద్దు, కాడ చీలుతుంది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ చూడండి, చాలాసార్లు వచ్చేస్తుంది. పైభాగానికి మెత్తటి టూత్ బ్రష్, గోరువెచ్చని నీళ్లు, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. బ్రష్ తడిగా ఉంటే చాలు, పైపుని నీళ్లలో ముంచొద్దు. గట్ల వెంట రుద్దండి, అడ్డంగా కాదు. వెంటనే పొడిబట్టతో అద్దేయండి.

లోపల నల్లగా పేరుకున్న బొగ్గు పొరని పూర్తిగా గీకకండి. రూపాయి బిళ్ల మందం లోపు ఉంటే అది గిన్నెకి రక్షణ. అంతకు మించితే మాత్రం, వేడికి బొగ్గు ఒకలాగా చెక్క ఒకలాగా వ్యాకోచించి గిన్నె పగులుతుంది. మీది బీరువాలోకి కాబట్టి వదులుగా ఉన్నది రాల్చితే చాలు. వాసనకి గిన్నెలో దూది కూరి, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ డ్రాపర్‌తో దూది తడిసేదాకా పోసి, రాత్రంతా ఉంచండి. పొద్దున్న దూది తారు రంగులోకి మారి ఉంటుంది. దూది తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయండి. ఇక్కడొక జాగ్రత్త: ఆల్కహాల్ చుక్క గిన్నె బయట పడిందా, రంగు కరిగి చారికలు కడుతుంది. ముందే అంచు చుట్టూ టేపు వేయండి.

మూతి గొట్టం వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఎండ తగిలితే అలా ఆకుపచ్చ గోధుమ రంగులోకి తిరుగుతుంది. దీనికి మాత్రం శాండ్ పేపర్ వాడొచ్చు. నీళ్లలో తడిపి 800 నంబరు, తర్వాత 1000, 2000. నీళ్లు పసుపుగా కారుతూ కంపు కొడతాయి, కంగారు పడకండి, గంధకం వాసన అది. చివర్లో రెండు చుక్కల ఆలివ్ నూనె పట్టించండి. కాడని ఆనుకుని ఉండే అంచుని మటుకు రుద్దకండి. అది గుండ్రబడితే కాడకీ గొట్టానికీ మధ్య మెట్టు కనిపిస్తుంది, చూసినవాడు ఎవరో చేయి పెట్టారని ఇట్టే పట్టేస్తాడు.

గట్టి మైనం పాలిష్ గరుకు పైపుకి వద్దు. గుంటల్లో ఇరుక్కుని తెల్లగా ఆరిపోతుంది, తీయడం నరకం. చెప్పుల బ్రష్ ఒకటి కొత్తది కొని, దానికి మెత్తటి మైనం అంటీ అంటనట్టు రాసి కొట్టండి.

ప్రశ్న: మేం వినుకొండ వైపు రైతులం. మా తాతల కాలం నుంచి పొగాకు వేస్తున్నాం. మా పొగాకు ఈ పైపుల్లోకి పోతుందా?
– పల్నాడు జిల్లా

మీ వినుకొండ బర్లీ పొగాకుకి పేరున్న చోటు. పైపు మిశ్రమాల్లో బర్లీ పెద్ద దినుసే. తీపి తక్కువ, పీల్చుకునే గుణం ఎక్కువ కాబట్టి పైన వేసే వాసనలని బాగా పట్టుకుంటుంది. ఇక ప్రకాశం, గోదావరి జిల్లాల్లో బ్యారన్లలో వేడి గాలితో ఆరబెట్టే వర్జీనియా మరో ముఖ్యమైన దినుసు. సైప్రస్‌లో పొగపెట్టి చేసే లటాకియా, అమెరికాలో లూసియానా రాష్ట్రంలో పీపాల్లో నొక్కిపెట్టి పులియబెట్టే పెరీక్ వంటివి ఘాటుకోసం కలుపుతారు. మన వర్జీనియాలో ఎక్కువ భాగం సిగరెట్లకే పోతుంది. ధర గురించి అడిగే ధైర్యం నాకు లేదు, అది పొగాకు పండించి అమ్మే మీకే తెలియాలి.

ప్రశ్న: సిగరెట్ మానేసి పైపుకి మారదామనుకుంటున్నా అంకుల్. పొగ మింగరు కదా, ఆరోగ్యానికి పర్లేదంటున్నారు. పైగా ఆ గరుకు పైపు చేతిలో ఉంటే లుక్కే వేరు.
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

లుక్ సంగతి ఒప్పుకుంటాను. మిగతాది వినకు. పైపు పొగ క్షారగుణం ఉన్నది కాబట్టి ఊపిరితిత్తుల దాకా పోనక్కర్లేదు, నికోటిన్ నోటి పొరలోంచే రక్తంలోకి ఎక్కుతుంది. అలవాటు ఎక్కడికీ పోదు. పెదవి, నాలుక, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తులు, అన్నిటికీ క్యాన్సర్ ముప్పు ఉంది. సిగరెట్ తాగి మారినవాడు పాత అలవాటు కొద్దీ పొగ మింగేస్తాడు కూడా. నీ ఊపిరితిత్తులకి మిగిలే లాభం అదీ పోతుంది. పొగ మింగకపోతే పర్లేదనే వాళ్లని శ్రీకాకుళం తీరానికి పంపాలి. అక్కడ చుట్ట నిప్పుని నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిళ్లలో వచ్చిన క్యాన్సర్ల మీద డాక్టర్లు ఎన్నో ఏళ్లు పరిశోధనలు చేశారు.

సిగరెట్ మానేయడం వరకు చేయి. చేతికి ఏదో ఒకటి కావాలనిపిస్తే ఖాళీ పైపు పట్టుకో, నాలాగా.

ప్రశ్న: ఇక్కడ పాత సామాన్ల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ వాడేసిన గరుకు పైపులు బోలెడు కనిపిస్తున్నాయి. తాగడానికి కాదు, సేకరణకి. ఏం చూసి కొనాలి?
– న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు పాఠకుడు

గరుకు పని చూసి మనసు పారేసుకోకండి, అది చివర చూడాల్సింది. ముందు గిన్నెలోకి టార్చి వేయండి. పొగ వెళ్లే రంధ్రం గిన్నె అడుగుకి సరిగ్గా ఆనుకుని, మధ్యలో తెరుచుకోవాలి. పైకి ఉంటే అడుగున పొగాకు కాలకుండా తడిగా మిగులుతుంది. పక్కకి ఉంటే డ్రిల్లు గురి తప్పిందన్నమాట. పైన ఎంత అందంగా చెక్కినా ఇది కుదరనివాడు పైపు చేయడం రానివాడే. తర్వాత, గొట్టం అమర్చి ఉండగానే మూతిలోంచి పైపు క్లీనర్ (నూలు చుట్టిన సన్నటి తీగ) దూర్చండి, అడ్డు లేకుండా గిన్నెలో తేలాలి. కాడకీ గొట్టానికీ మధ్య వెలుతురు కనపడకూడదు.

గిన్నె బయట ఒకచోట మాత్రం నల్లగా, బుడగలా ఉందేమో చూడండి. లోపలి నుంచి కాలుతూ వస్తున్న మచ్చ అయి ఉండొచ్చు. నున్నటి పైపులో ఇది ఇట్టే తెలుస్తుంది, గరుకు పైపులో నల్ల రంగు కింద దాక్కుంటుంది. అనుమానం వచ్చిన చోట వేలి కణుపుతో కొట్టి వినండి, చచ్చిన చెక్క బోలుగా మోగుతుంది. అంచు మీద సన్నటి పగుళ్లు కూడా గట్ల మధ్య కలిసిపోతాయి. అలల వరస మధ్యలో దాన్ని కోసుకుంటూ నిలువుగా పోయే గీత కనిపిస్తే, ఆ గీత చెక్కది కాదు, పగులుది.

మూతి మీద పంటి గాట్లు ఉంటే బేరానికి వాడుకోండి. వల్కనైట్ అయితే వేడి చూపిస్తే గాట్లు చాలావరకు పైకి లేస్తాయి. ఆన్‌లైన్ ఫొటోల్లో మెరుపు మరీ ఎక్కువగా ఉంటే, గుంటలు నిండేలా వార్నిష్ పూశారని అర్థం, దాన్ని వదిలేయండి. గిన్నె లోపలి అడుగు కనిపించే ఫొటో ఒకటి అడగండి. పంపనన్నవాడి దగ్గర కొనకండి.